జైతహరి వాగులో పరిగె

సాయంత్రం ఆరులోగా ఆధారం చూపకపోతే నా ఖాతా ఆపేస్తామని వెబ్‌సైటు నిర్వాహకుడు రాశాడు.

ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. రెండేళ్లుగా అందులో మంచినీటి చేపల గురించి రాస్తున్నాను. ఏ చేప ఏ రాష్ట్రంలో దొరుకుతుందో చూసి, ఆ రాష్ట్రం వర్గంలో చేర్చడం నా పని. ఎవరూ అప్పగించలేదు, నేనే నెత్తిన వేసుకున్నాను. పదో తరగతితో చదువు ఆగి, పెళ్లయి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా ఇక్కడి రైల్వే లైబ్రరీలో, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివిందే. అందుకే ఆ నిర్వాహకుడి మాటకి ఒళ్లు మండింది.

గొడవ వేలెడంత పరిగె చేప మీద. నేను దాన్ని 'ఛత్తీస్‌గఢ్ మంచినీటి చేపలు' అనే వర్గంలో పెట్టాను. ఆయన తీసేశాడు. మళ్లీ పెట్టాను. మళ్లీ తీశాడు. మూడోసారి పెడుతూ, "నేను ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, మీరు ఈ ఊరు చూశారా?" అని చర్చా పేజీలో రాసేశాను. "చూడలేదు. మీరు పుస్తకం చూపండి" అంటూ గడువు పెట్టాడు.

ఆ రోజు మావారికి డ్యూటీ లేదు. ఆయన లోకో పైలట్. స్కూటర్ తీస్తూ కూడా నోరు ఊరుకోలేదు.

"చేపని పులుసెట్టుకోవాలి గానీ, వర్గాలేటే దానికి?"

"నడపండి ముందు. అయిదు దాటింది."

"అచ్ఛా, కోపం ఆయన మీదయితే నామీద అరుస్తావేటి?"

లైబ్రరీ చూసుకునే అమ్మాయి ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల. "ఆంటీ, ఛే బజే తాళం వేసేస్తాను, ఆరు దాటితే ఉండను" అంది. వెనక బీరువాలో అట్ట ఊడిన చేపల సర్వే ఇంగ్లీషు పుస్తకం నాకు చీకట్లో అయినా దొరుకుతుంది. గబగబా పేజీలు తిప్పాను. దొరికింది. బిలాస్‌పూర్–కట్నీ లైనులో, జైతహరి స్టేషన్ దగ్గర వంతెన కింద వాగులో ఆ చేపని పట్టారని ఉంది.

"చూశారా!" అన్నాను, ఫొటో తీస్తూ.

"జైతహరేనా? మా బిలాస్‌పూర్ డివిజనే. వారానికి రెండుసార్లు దాటుతాను" అన్నారు మావారు.

ఆ అమ్మాయి తలెత్తింది. "జైతహరి మా అత్తగారి ఊరు ఆంటీ. వాళ్ల ఓట్లు ఎంపీలో కదా?"

"ఎంపీ ఏమిటి? బిలాస్‌పూర్ డివిజన్ అంటున్నారుగా ఈయన!"

"డివిజన్ ఇదే ఆంటీ. స్టేట్ వేరే. మధ్యప్రదేశ్."

నేను మావారి వైపు చూశాను. "స్టేటని నానెప్పుడన్నాను? ఇంజన్లో కూచుంటే అంతా ఒకటే లైను" అన్నారాయన.

మా రైల్వే ఇళ్లలో దేశం డివిజన్లుగానే ఉంటుంది. శహడోల్, ఉమరియా, బ్రజ్‌రాజ్‌నగర్: డ్యూటీ మాటల్లో అవన్నీ పక్కవీధుల్లా వినిపిస్తాయి. ఆ పేర్లు పుస్తకంలో కనిపించినప్పుడల్లా, మనవే కదా అని చేపల్ని ఛత్తీస్‌గఢ్‌లో వేసేశాను. మ్యాపు చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు. తప్పు ఈ ఒక్క పరిగెతో ఆగదు. ఇలాంటివి ఇంకా పదకొండున్నాయి. నిర్వాహకుడి కంట పడింది ఇదొక్కటే.

"ఫొటో పంపించీ. బిలాస్‌పూర్ అని అచ్చులో ఉంది కదా. ఎక్కడో కూచున్నాయనకి ఏటి తెలుస్తాది?" అన్నారు మావారు.

నిజమే, తెలియకపోవచ్చు. ఫొటో పంపే బటన్ మీదికి వేలు వెళ్లింది కూడా. కానీ ఆ పేజీ చదివేవాళ్లు, ఎక్కడో నాలాగే బడి మానేసి చదువుకునేవాళ్లు, నా మాట నమ్మి నేర్చుకుంటారు. అచ్చులో ఉన్నదాన్ని నేనూ అలాగే నమ్మాను.

ఆరుకి పది నిమిషాలుందనగా రాశాను: "పుస్తకం దొరికింది. తప్పు నాదే. జైతహరి మధ్యప్రదేశ్‌లో ఉంది. రైల్వే డివిజన్‌ని రాష్ట్రం అనుకున్నాను. ఇదే తప్పు ఈ కింది పదకొండు పేజీల్లోనూ చేశాను." గుర్తున్నంతవరకూ కాదు, చేర్చిన చేపలన్నీ రాసుకునే నోట్‌బుక్ తీసి పదకొండు పేర్లూ రాశాను.

"అడక్కుండానే అన్నీ ఒప్పేసుకుంటే నీ కాతా ఉంచుతాడేటే?"

పంపేశాను. ఆ అమ్మాయి కిటికీలు మూయడం మొదలుపెట్టింది. ఒక్కో రెక్కా పడుతుంటే నేను ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆరు కాకముందే జవాబు వచ్చింది. "పన్నెండూ మీరే సరిచేయండి. ప్రతిదానికీ పుస్తకం పేరు, పేజీ సంఖ్య ఇవ్వండి. అవి అయ్యేదాకా కొత్తవి ముట్టుకోకండి." ఖాతా ఆపుతున్నట్టు అందులో లేదు. రెండుసార్లు చదివాను.

"ఇంకో పది మినిట్స్ ఉంటాను, ఆంటీ. బస్, అంతే" అంది ఆ అమ్మాయి, తాళాలగుత్తి బల్ల మీద పెట్టి.

ముందు పరిగెని మార్చాను. తర్వాతి పేజీ తెరిచి, "ఉమరియా?" అన్నాను.

"ఎంపీ" అన్నారు మావారు.

"బ్రజ్‌రాజ్‌నగర్?"

"ఒరిస్సా."

"ఇవన్నీ మీకు ముందే తెలుసా?"

"నువ్వడిగితే కదే," అన్నారాయన, కుర్చీ నా పక్కకి లాక్కుంటూ, "పుస్తకాలనే అడుగుతావు."