గుండైన పులి

తాతగారు వేటాడిన పులి తలకాయ ఒక్కటే మా వంశానికి మిగిలిన ఠీవి. గాజువాక దగ్గర ఉక్కునగరంలో ఒక క్లబ్బువాళ్లు దాన్ని గోడకు తగిలించి, కింద మా ఇంటిపేరు రాస్తామన్నారు. ఎనభైల్లో ఒక ఉదయం తగరపువలసలో గాజువాక బస్సెక్కి, దాన్ని ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చున్నాను.

పక్కసీటులో చేపల గంపతో ఉన్న ముసలామె చేతులు జోడించింది. “దొరబాబూ, మా మనవడు నిద్దట్లో జడుసుకుంతన్నాడు. ఒక్క ఎంట్రుక ఇప్పించండి, తాయెత్తులో కడతాను.”

నన్ను దొర అని ఎవరైనా పిలిచి ఏళ్లయింది. రెండు పీకి ఇచ్చాను.

వెనక నుంచి ఒకడు లేచాడు. “దొరా, మా గుంటడికీ!”

కండక్టరు కూడా చెయ్యి చాచాడు.

“నీకు పిల్లల్లేరు కదేటి బావా?” అన్నాడు డ్రైవరు.

“నాకే బయం, మా ఆడదంటే.”

అడిగినవాణ్ణి వట్టి చేతులతో పంపడం మా ఇంటా వంటా లేదు. గాజువాక చేరేసరికి బస్సులో అందరికీ ధైర్యం వచ్చింది, పులికి గుండయింది.

క్లబ్బు కార్యదర్శి దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇదేం జంతువండీ?” అని అడిగి, గోడ ఖాళీ లేదన్నారు.

తిరుగు బస్సులోనూ దాన్ని ఒళ్లో పెట్టుకుని నిటారుగానే కూర్చున్నాను. జేబులో పులి వెంట్రుకతో అదే కండక్టరు వచ్చాడు.

“ఎల్లినప్పుడు పులి కదాని లగేజీ అడగలేదు దొరా. ఇప్పుడు మేక. టిక్కెట్టు కొట్టాలి.”