అరపావు రంగు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. ఏమేం తెలియవో కూడా తెలియకపోతే మనిషికి వచ్చే ధైర్యం అది. సేర్లు పోయి కిలోలు వచ్చిన కొత్త. నకిరేకల్ దగ్గరి మా మగ్గాల వాడలో దశాంశాలు చదవగలిగినది ఏడో తరగతి పిల్లనైన నేనొక్కదాన్నే. నన్ను పై చదువుకు నల్గొండ పంపాలా, రాట్నం ముందు కూర్చోబెట్టాలా అని ఇంట్లో పంచాయితీ నడుస్తున్నదీ అప్పుడే. బాపుది రాట్నం పక్షం.

అంతలో లేత గులాబీ చీరలకు ఆర్డరొచ్చింది. షాద్‌నగర్‌లో నౌకరీ చేసే మామ కొత్తరకం రంగుపొడి పెద్ద డబ్బా పంపి, ఎంత కలపాలో చీటీ రాశాడు: 0.125 కిలో. బాపుకు పావు, అరపావు, ముప్పావు తప్ప మరో భాష రాదు. "గీ సున్న పక్కన సుక్కేంది? పావా, అరపావా? జర జెప్పు బిడ్డా" అన్నాడు. నేను బొగ్గుతో గోడ మీద 125 వేసి, కింద గీత గీసి, 100 రాశాను (వెయ్యి రాయాలి. ఒక్క సున్నే కదా!). ఆపైన ఇరవై అయిదుతో కొట్టివేయడం మాత్రం ఎంత ముద్దుగా చేశానో! పైన అయిదు, కింద నాలుగు. "కిలో మీద పావు బాపూ!" బాపు డబ్బాలోకి అనుమానంగా తొంగిచూశాడు. "గంత ఏస్తే ఏమైతది బిడ్డా? లేత రంగన్నరు గద?" "కొత్త రంగు గట్లనే ఉంటది. లెక్క తప్పుతదా?" అన్నాను.

గంగాళంలోంచి నూలు పైకి తీయగానే అమ్మ "అయ్యో" అంటూ వెనక్కి జరిగింది. గులాబీ కాదు, కాళిక నాలుక! ఎన్ని నీళ్లతో జాడించినా ఎరుపు వదల్లేదు. వాకిలి ఎరుపు, తెల్లకోడి కాళ్లు ఎరుపు, దిగులొస్తే కుడి మీసం దువ్వుకునే బాపుకు ఆ సగం మీసం ఎరుపు. సాయంత్రం బస్సు దిగి వచ్చిన మామ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏం బావా, రంగులాడే కాముని పున్నం ఇయ్యాల్నేనా?" ఆ తర్వాత గోడ మీది లెక్క చూసి పడీపడీ నవ్వాడు. "సుక్క ఎనక మూడంకెలుంటే కింద మూడు సున్నలుండాలె పిల్లా! గిది అరపావే!"

నేను మగ్గం వెనక నక్కాను. "సదివింది సాలు. రేపటి సంది రాట్నం కాడ కూసో" అన్నాడు బాపు. అప్పుడు ఎర్రటి పాదాలతో ముందుకొచ్చింది మా అవ్వ, బాపును కన్నతల్లి. "సగం సదివితేనే ఇల్లంత గిట్లయింది కొడుకా. గీ పిల్లను సగంల ఇడిసిపెడితే ఊరు ఆగమైతది. పూరా సదివియ్యి!" సగం ఎర్ర మీసంతో గట్టిగా వాదించడం ఎవరికైనా కష్టమే. బాపు రాట్నాన్ని మూలకు జరిపాడు.

మళ్లీ నూలు తెచ్చి, అరపావు రంగుతో ఆర్డరు గట్టెక్కించారు. ఎర్ర నూలు ఏళ్ల తరబడి అంచులకు పనికొచ్చింది. నేను నల్గొండ వెళ్లి చదువుకున్నాను. ఇప్పుడు ఏ లెక్కయినా మూడుసార్లు సరిచూసుకోనిదే నోరు విప్పను. తప్పులు తగ్గాయి, నిజమే. కానీ బొగ్గు పట్టుకుని "లెక్క తప్పుతదా?" అని అడిగిన ఆ పిల్ల మాత్రం, ఎంత పిలిచినా, మళ్లీ ఇటువైపు రాలేదు.