పక్కకి ఒరిగిన మామగారు

మా బావని ఊరంతా మామగారూ అని పిలుస్తుంది. చిన్నా పెద్దా తేడా లేదు. తలంతా నెరిసిపోయిన కూరగాయలావిడ కూడా "ఏం మామగారూ, టమాటాలు వద్దా?" అంటుంది. ఆయనకి పిల్లల్లేరు, ఇక అల్లుళ్లెక్కడి నుంచి వస్తారు? ఆ పేరు టీవీ పెట్టింది.

బావ వడ్రంగి. వయసులో ఉన్నప్పుడు ఓ టీవీ స్టూడియోలో సెట్లు కట్టేవాడు. అప్పట్లో 'మామగారు వింటున్నారు' అని ఓ హాస్య ధారావాహిక వచ్చేది. పెద్ద కథేం లేదు. చనిపోయిన మామగారి ఫొటో గోడ మీద ఉంటుంది. దాని కింద కొడుకులూ కోడళ్లూ ఆస్తి కోసం ఒకరితో ఒకరు అబద్ధాలాడుతుంటారు. అబద్ధం నోట్లోంచి రావడం ఆలస్యం, ఫొటో టక్కున పక్కకి ఒరుగుతుంది. అంతే, జనం పడీ పడీ నవ్వేవారు.

ఫొటోకి కూర్చోవలసిన నటుడు మొదటిరోజు రానేలేదట. దర్శకుడు చుట్టూ చూసి, మేకులు కొడుతున్న మా బావని లాక్కొచ్చి, జుట్టుకి తెల్లరంగు పూసి, మీసాలు అంటించి ఫొటో తీయించేశాడు. దానికి దారం కట్టి గోడ వెనక నుంచి లాగే పని కూడా బావకే తగిలించాడు. ముందు మొహం తనదే, వెనక చెయ్యీ తనదే. పెళ్లయిన కొత్తలో మా అక్క ఇరుగుపొరుగు వాళ్లని పిలిచి మరీ చెప్పేది, "మా ఆయన టీవీలో చచ్చిపోయి ఉంటారు, చూడండి!" అని.

తర్వాత ప్రోగ్రాం ఆగిపోయింది, స్టూడియో మూతపడింది, సామానంతా తుక్కు కింద పోయింది. బావ ఆ ఫొటో ఒక్కటి చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అక్క దాన్ని ముందు గదిలో తగిలించింది. ఇక ఆ ఇంట్లో అబద్ధం ఆడితే ఒట్టు. "పని తెమలక ఆలస్యమైంది" అని బావ అన్నాడో, అక్క లేచి వెళ్లి వేలితో ఫొటోని పక్కకి తోసేది. "ఇప్పుడే తినొచ్చానక్కా" అని నేనన్నా అదే వరస. బస్సు కండక్టరుగా రిటైరైనవాణ్ని, నా గొంతుకి బస్సు బస్సంతా సర్దుకుని కూర్చునేది. ఆ ఫొటో ముందు మాత్రం నసిగేవాణ్ని.

పోయిన ఏడాది అక్కకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మా అక్క వాగుడుకాయ. ఆవిడకి మాట పోవడమేమిటని నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదని అడిగితే చెప్పలేను. బావ అక్క మంచాన్ని ముందు గదిలోకి మార్చాడు. గోడకి రెండు కొక్కేలు కొట్టి, ఫొటో మూలకి దారం కట్టి, కొక్కేల మీదుగా తెచ్చి అక్క ఎడమచేతికి అందేలా వదిలాడు. గ్లాసు పట్టుకుని పక్కన కూర్చుని, "ఈ మందు అస్సలు చేదుండదు" అన్నాడు. ఫొటో టక్కున ఒరిగింది. మా అక్క నవ్వింది, సగం మొహంతో.

ఆ తర్వాత ఆవిడ మాటలన్నీ ఆ దారమే. "వచ్చే నెలకల్లా నువ్వు లేచి తిరుగుతావు." టక్. "ఇవాళ వంట బాగా కుదిరింది కదూ?" టక్. "నీ మరదలు నిన్ను తలుచుకోని రోజు లేదక్కా" అని నేనంటే మరీ గట్టిగా, టక్. బావ ప్రతిసారీ లేచి, ఫొటో సరిచేసి, మళ్లీ వచ్చి కూర్చునేవాడు.

చివరిరోజు నేనక్కడే ఉన్నాను. అక్క చూపంతా బావ మొహం మీదే ఉంది.

"నా గురించి బెంగ పెట్టుకోకు. నేను బాగానే ఉంటాను," అన్నాడు బావ.

అక్క దారం లాగింది. లాగి, వదల్లేదు. బావ కూడా లేచి సరిచేయలేదు. ఆ రాత్రే ఆవిడ పోయింది.

ఫొటో అలాగే ఉండిపోయింది. బావ కూడా అలాగే ఉండిపోయాడు. ఏడవలేదు. వేళకి లేస్తాడు, ఫర్నిచర్ షాపుకి వెళ్తాడు, పెట్టింది తింటాడు, ఉప్పు లేకపోయినా చెప్పడు. ఓ రోజు షాపాయన నాకు ఫోన్ చేశాడు. "మీ బావగారు కుర్చీ కాలికి చిత్రిక పడుతూ పడుతూ పెన్సిలంత చేసేశారండీ. ఆయన్ని ఏమనడానికీ నోరు రావట్లేదు." నేను వెళ్లి అడిగితే, "అవునా?" అన్నాడు బావ. తిట్టాను. తిట్టించుకున్నాడు. ఎప్పుడు ఎలా ఉన్నావని అడిగినా "బాగానే ఉన్నాను" అంటాడు. విని విని నా చెవులూ మొద్దుబారిపోయాయి.

అలాంటప్పుడు ఓ అమ్మాయి ఫోన్ చేసింది. బ్యాంకులో పనిట. చిన్నప్పుడు ఆ ప్రోగ్రాం వదలకుండా చూసేదట. పాత ఎపిసోడ్లు ఎవరో ఇంటర్నెట్లో పెడితే, ఇప్పటి కుర్రాళ్లు కూడా పిచ్చెక్కినట్టు చూస్తున్నారట. అభిమానులంతా తలా కొంత వేసుకుని దాన్ని మళ్లీ తీయిస్తున్నారట.

"పాత ఫొటోనే సెట్లో పెడతామని చందాలిచ్చినవాళ్లకి మాటిచ్చామండీ. అందరికన్నా ఎక్కువిచ్చినవాళ్లు ఓ ఎపిసోడులో దారం కూడా లాగొచ్చు," అంది.

"తీసుకెళ్లండి," అన్నాడు బావ. అంతే, ఫోన్ పెట్టేశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏంటి బావా, తీసుకెళ్లమనడం? అక్క చెప్పిన ఆఖరి మాటది. గోడ మీద ఇంకా ఉంది. ఎవడో డబ్బులిచ్చి ఆ దారం లాగుతాడా?"

"జనం నవ్వుకుంటారుగా."

"నీకు బాధగా లేదూ?"

"లేదురా. ఏమీ లేదు."

అది అబద్ధంలా వినిపించలేదు. అందుకే నాకు భయం వేసింది.

ఆదివారం ఆ అమ్మాయి కెమెరా అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఫొటోని చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. పాపం, మంచిపిల్లే. కెమెరా అతను "మేడమ్, వంకరగా ఉంది, బాగా రావట్లేదు" అన్నాడు. "అయ్యో" అంటూ ఆ పిల్ల స్టూలెక్కి, రెండు చేతులతో ఫొటోని నిటారుగా సర్ది, రుమాలుతో దుమ్ము తుడిచింది. అంత భద్రంగా చేస్తుంటే ఏమనగలను? నా కళ్లముందే మా అక్క మాట చెరిగిపోయింది. బావ వైపు చూశాను. దారం కత్తిరించడానికి కత్తెర పట్టుకుని, తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. కొయ్యబారిపోయిన మనిషి.

నేను అక్క మంచం మీద కూలబడ్డాను.

కెమెరా ఆన్ చేశారు. "మామగారూ, ఇన్నేళ్లకి మిమ్మల్ని చూస్తున్నాం. ఎలా ఉన్నారండీ?" అంది ఆ అమ్మాయి.

"బాగానే ఉన్నాను," అన్నాడు బావ.

నా చేతికి దారం తగిలింది. లాగాను. ఆలోచించి చేసింది కాదు.

టక్.

ఆ అమ్మాయి పకపకా నవ్వేసింది. కెమెరా అతనూ నవ్వు ఆపుకోలేకపోయాడు. టీవీలో చూసింది కళ్లముందే జరిగింది మరి. బావ నవ్వలేదు. గబుక్కున మంచం వైపు తిరిగాడు. ఎంత ఆశగా తిరిగాడో! ఏదో చెప్పబోతూ నోరు తెరిచాడు. నన్ను చూశాడు.

"నువ్వా," అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వుతూనే, ఫొటో సరిచేయడానికి మళ్లీ స్టూలెక్కబోయింది. బావ కత్తెర కింద పెట్టేశాడు.

"ముట్టుకోకమ్మా. అలాగే ఉండనీ," అన్నాడు. "మీకు ఇంకోటి చేసిస్తాను. నేను బాగాలేను."