ఉల్లిగడ్డలకు పోయిన పట్టకారు

ఎల్లారెడ్డి బడిలో క్రాఫ్టు మాస్టర్‌గా ఉన్న పదకొండేళ్లలో 'తెలవదు' అనే మాట నేను ఎవరి నోటా వినలేదు. కొత్తవాడెవడైనా ఏ ఊరికైనా దారి అడిగితే, ఆ ఊరి పేరు ఎన్నడూ విననివాడు కూడా లేచి నిలబడి, చెయ్యి చాపి చూపించేవాడు. అది మర్యాద. ఆ తర్వాత వాడు తప్పిపోతే వాడి ఖర్మ. నేనూ తక్కువ తినలేదు. పిల్లలకు రంపం, ఉలి, బాడిశ పట్టడం నేర్పేవాడిని గనుక లోకంలోని పనిముట్లన్నీ నన్నడిగే పుట్టాయని నా నమ్మకం.

ఎనభైలలో ఒక ఎండాకాలం మా గల్లీకి పాత సామాన్ల బండి వచ్చింది. ఇనుము తీసుకుని ఉల్లిగడ్డలిచ్చే బండి. మా వెనకింటి అవ్వ అందులో ఒక ఓటి బకెట్, దాంతోపాటు ఒక వింత పట్టకారు వేసింది. ఆమె బీడీలు చుట్టేది. కొడుకు నాలుగేళ్లు సౌదీలో ఉండి, వచ్చి రెండు నెలలైంది. వాడు అక్కడ ఏసీ మిషన్లు బాగుచేసే మెకానిక్ అని, నాలుగేళ్లు ఎండ మొఖం చూడలేదని అవ్వ చెప్పుకునేది. బీడీల కార్ఖానాలో తంబాకు తూచేలోపు వరుసలో ఉన్నవాళ్లందరికీ ఆ చల్లదనం పంచేది. కొడుకు మెడ చూస్తే పొయ్యి మీది కుండ అడుగు. మడమలు నిలువునా పగిలి ఉండేవి. పనిముట్టును చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతానని విర్రవీగే నాకు ఆ మెడ కనబడలేదు.

పట్టకారును పారెయ్యమన్నది కొడుకేనట. నేను బండి వెంట పడి, మా ఇంటి ఉల్లిగడ్డలే ఎదురిచ్చి దాన్ని తెచ్చుకున్నాను. నా భార్య రెండు రోజులు ఉల్లిగడ్డ లేని కూర వండి, నా కంచంలో కొంచెం గట్టిగానే వేసింది.

అది జానెడు పొడుగుంది. ఒక దవడకు దబ్బనం మొనలాంటి ముల్లు, రెండో దవడకు ఆ ముల్లు దిగే గుంట. పిడికి గళ్ల లుంగీ పేలిక చుట్టి ఉంది. ముల్లు మొదట్లో నల్లగా పట్టుకున్నదాన్ని తుప్పనుకుని మేకుతో గోకేశాను. అవ్వ కొడుకును అడిగితే ఒక్క నిమిషం పని. కానీ బీడీల అవ్వ కొడుకును అడిగి తెలుసుకుంటే క్రాఫ్టు మాస్టర్ పరువేం కాను? ఊరి మీద పడ్డాను.

దవాఖాన కంపౌండరు అది పన్ను పీకేదన్నాడు. తన నోరే తెరిచి ఎట్లా పీకుతారో చూపించాడు. మరి ముల్లెందుకంటే, పన్ను జారిపోకుండా అన్నాడు. చెప్పులు కుట్టే ఆయన బెల్టుకు రంధ్రాలు కొట్టేదన్నాడు. కొట్టి చూపిస్తే ముల్లు సగంలో ఇరుక్కుంది. తప్పు మన బెల్టుదేనని, అరబ్బుల తోలు మెత్తగా ఉంటుందని తీర్పు చెప్పాడు. బంగారం పని చేసే అవుసలాయన కంటికి అద్దం పెట్టుకుని, షేకుల ఆడపిల్లలకు చెవులు కుట్టేదన్నాడు. పాపం, అందరికన్నా దగ్గరికొచ్చి ఆగినవాడు ఆయనే. చివరికి నేనే తేల్చేశాను: ఏసీ మిషన్ల రేకులు బిగించేది. ఎనిమిదో తరగతి బోర్డు మీద బొమ్మ గీసి, భాగాలకు పేర్లు పెట్టాను. నలభై మంది రాసుకున్నారు. వాళ్లిప్పుడు పిల్లల తండ్రులు. ఆ చదువు ఎంత దూరం పోయిందో నాకు తెలియదు.

వారం తర్వాత బడి పని మీద కామారెడ్డి పోయాను. బస్టాండు హోటల్లో చాయ్ తాగుతూ పట్టకారును బల్ల మీద పెట్టాను. ఎవరైనా అడిగితే చెబుదామని. ఎదురుగా కూర్చున్న పశువుల దవాఖాన అటెండరు దాన్ని తీసుకుని, రెండుసార్లు నొక్కి చూశాడు.

"గొర్రెల చెవులకు నంబరు బిళ్లలు కొట్టేది గదా ఇది. గింత మంచిది యాడ దొరికింది సార్?"

ఇక్కడ బ్యాంకు లోను మీద ఇచ్చే బర్రెలకు తామూ బిళ్లలు కొడతామన్నాడు. అక్కడి పెద్ద మందల్లో కాపరి నడుముకు ఇది వేలాడుతూనే ఉంటుందట. నేను గోకింది కూడా తుప్పు కాదని, ఎండిన నెత్తురని చెప్పాడు.

తిరుగు బస్సులో నా కడుపు ఉబ్బిపోయింది. చల్లటి గదిలో మెకానిక్ అట! ఊళ్లో ఎవరికి ముందు చెప్పాలో వరుస వేసుకున్నాను. మొదటి పేరు అవ్వదే. దిగి నేరుగా వెనకింటికి పోయాను.

అవ్వ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కొడుకు పక్కన కూర్చుని కత్తెరతో ఆకు కత్తిరిస్తున్నాడు. పట్టకారు సంగతి తెలిసిందా అని ఆమె నవ్వుతూ అడిగింది. కత్తెర ఆగింది. వాడు నా మొఖం చూడలేదు, నా సంచినే చూశాడు. అప్పుడు కనబడింది నాకు ఆ మెడ. నోటిదాకా వచ్చింది మింగాను. దయ అని చెప్పను. భయమేసింది.

"తెల్వలేదవ్వ," అన్నాను.

ఆమె పడీపడీ నవ్వింది. "గింత సదువుకున్నరు సార్. నా కొడుకునడిగితే సిటికెల చెప్తుండె గద. చెప్పురా సార్‌కు."

వాడు మళ్లీ కత్తెర ఆడించాడు. ఆకు మీంచి చూపు తిప్పకుండానే, సార్ బడిలో చెప్పిందే నిజమని, ఏసీ మిషన్ల రేకులు బిగించేదేనని అన్నాడు. నా అబద్ధం వాడి నోట్లో నా నోట్లో కన్నా ముద్దుగా ఉంది. అన్నీ తెలిసి తెలవదంటారేందని అవ్వ నన్ను ఇంకో నాలుగు మాటలతో ఆడుకుంది.

నేను గల్లీ మలుపు తిరిగేసరికి వాడు వెనకనుంచి వచ్చాడు. నాకు దండం పెడతాడనే అనుకున్నాను.

"వారం సంది మీరు దాన్ని పట్టుకొని బజార్లపొంటి తిరుగుతుంటే నాకు అన్నం బుక్క దిగుతలేదు సార్. ఇగ అడుగుడు బంద్ చెయ్యుండ్రి."

సంచిలోంచి పట్టకారు తీసి అతని ముందు చాపాను. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.