పూల బొమ్మ అనుకున్నాను

మా గల్లీ వాట్సాప్ గ్రూపులో చూపులేని మనిషిని నేనొక్కదాన్నే. నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది. డిగ్రీ అయిన ఏడాదికే కళ్లు పూర్తిగా పోయాయి. ఆఫీసు ఉద్యోగం, కొట్లాటలు, ఏవీ ఆగలేదు. తెరమీద వేలు పెడితే నా ఫోన్ అక్కడున్నది గడగడా చదివేస్తుంది. ఆ వేగం విన్న కొత్తవాళ్లు ఎక్కడో వేలంపాట జరుగుతోందనుకుంటారు.

నాలాంటి ఆడవాళ్లం జిల్లాజిల్లా నుంచి చేరిన గ్రూపు ఒకటుంది. పచ్చిపులుసులో బెల్లం వేయాలా వద్దా అని మొదలుపెట్టి ఎన్నికల దాకా వాదించుకుంటాం. అక్కడొక కట్టుబాటు: ఫోటో పెట్టినవాళ్లు అందులో ఏముందో కింద రాయాలి.

ఛత్రినాకలోని మా గల్లీ గ్రూపుకు ఆ మర్యాద తెలియదు. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పేది అక్కడే కాబట్టి నాకా గ్రూపు కావాలి. కానీ తెల్లారితే చాలు, పూల బొమ్మల వాన. నా ఫోన్ "ఫోటో, ఫోటో, ఫోటో" అంటుంది, అంతే. కింద ఒక ముక్క రాయండని ఎన్నిసార్లు అడిగినా ఎవరూ రాయలేదు. ఒళ్లు మండి, రోజూ మొదటి ఫోటో కింద ఒకటే జవాబు పెట్టడం మొదలుపెట్టాను: "చాలా అందంగా ఉంది. ఇలాంటివి రోజుకొకటి పెట్టండి."

ఒక ఉదయం ఆ మాట మా ఎదురింటి పెద్దాయన ఫోటో కింద పడింది. దండ వేసిన ఫోటో. ఆయన తెల్లవారుజామున ఆసుపత్రిలో పోయారు. నాకు తెలియదు.

కాసేపటికి నన్ను గ్రూపులోంచి తీసేశారని ఫోనే చెప్పింది. గ్రూపు పెద్ద మా గల్లీ చివరి కిరాణా కొట్టు అన్న. ఫోన్ చేశాను.

"ఏందక్కా గిది? మనిషి పోతే రోజుకొకటి పెట్టుమంటవా?"

చెప్పులు కూడా వెతుక్కోకుండా ఎదురింటికి వెళ్లి, ఆయన భార్య చేయి పట్టుకుని జరిగింది చెప్పాను. పూల బొమ్మ అనుకున్నాను పెద్దమ్మా, అన్నాను.

"నీ నోరే మంచిది గాదు బిడ్డా. మనసు గట్ల గాదు. నాకు తెల్వదా?" అందామె ఏడుస్తూనే.

 

తప్పు నాదే, నా వెటకారానిదే. ఒప్పుకున్నాను. అంతమాత్రాన నన్ను వెళ్లగొడితే ఊరుకుంటానా? మూడోరోజు నల్లా రెండు గంటలు ముందొచ్చింది. గల్లీ అంతా నీళ్లు పట్టుకున్నారు. మా డ్రమ్ము ఎండిపోయింది. మర్నాడు కర్ర పట్టుకుని కొట్టుకు వెళ్లాను.

"నన్ను మళ్ల గ్రూపుల ఎక్కియ్యి అన్నా."

"నీకెందుకక్కా ఫికర్? నల్లా వస్తే నేనే వచ్చి చెప్త గద."

"నిన్న వచ్చినవా?"

"నిన్న గిరాకీ ఉండె."

"నీ గిరాకీ అయ్యేదాంక నల్లా ఆగుతదా? నాకు నీ దయ వద్దు, గ్రూపు కావాలె. ఫోటో కింద ఒక్క ముక్క రాస్తే మీ వేళ్లు అరుగుతయా?"

"అందరితోని రాయించాల్నా? ఎవరింటరు? మస్తు లొల్లి అయితది."

"లొల్లి నాకిడిసిపెట్టు. నాకు అలవాటే."

కొట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మాత్రం చక్కెర పొట్లం కట్టుకుంటూ ఉండిపోయాడు. వట్టి చేతులతో తిరిగొచ్చాను.

పదకొండో దినం కార్డును ఎదురింటి పెద్దమ్మే గ్రూపులో పెట్టింది. కార్డు కింద తన గొంతు కూడా రికార్డు చేసి పెట్టింది.

"గిది మా ఆయన దినం కార్డు. మీద ఆయన ఫోటో ఉన్నది. నీలం అంగీ. జర నవ్వుతుండు. ఫోటో తీసేటాయన నవ్వుమంటే నవ్విండు, ఇంట్లెన్నడు నవ్వలే. శుక్రారం పగటాల్ల మా ఇంట్లనే భోజనాలు. ఎదురింటి బిడ్డ కోసం చెప్తున్న. గామె గ్రూపుల లేదంట. ఎందుకు లేదు?"

పావుగంటలో నన్ను మళ్లీ చేర్చారని నా ఫోన్ చెప్పింది. నేను లేనప్పుడు పెట్టినవి నాకు వినబడవని తెలిసి, అన్న ఆ గొంతును నాకోసం రెండోసారి పెట్టాడు. కింద రాశాడు: "ఇగ అందరు గిట్లనే చెప్పుండ్రి."

ఇప్పుడు ఫోటో కింద మాట లేకపోతే నాకన్నా ముందే ఎవరో ఒకరు అడుగుతారు. ప్రతిదానికీ రాయాల్సి వచ్చేసరికి పూల బొమ్మలు సగానికి సగం తగ్గాయి. కళ్లున్నవాళ్లే నాకు దండం పెడుతున్నారు. నేనూ మారాను: ఫోటోలో ఏముందో తెలిశాకే వెటకారం చేస్తున్నాను.

ఈసారి బోనాలకు మా ఆడబిడ్డ చేయి పట్టుకుని, బోనం ఎత్తుకుని గుడిదాకా నడిచాను. కొట్టు అన్న ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. ఇంటికొచ్చి తెరమీద వేలు పెట్టాను.

"మన గల్లీ అక్క. ఆకుపచ్చ పట్టుచీర. తలమీద బోనం, బోనం మీద దీపం. ఒక్క చుక్క నూనె ఒలకలే. నోరు తెరిచే ఉన్నది. బోనం మోసుకుంటనే పోలీసాయనతోని కొట్లాడుతున్నది."

ఆ ఫోటోను ఆ రోజు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. తర్వాత దాని కింద రాశాను:

"పోలీసు గాదన్నా, ఆటోవాడు. సరిగ్గ రాయి."