చెల్లి గొంతు

మా చెల్లి దేవరకొండలో డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో ఒక ఫ్రిజ్‌ల కంపెనీ కాల్ సెంటర్‌లో చేరింది. ఒకసారి దాన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చాలాసేపు వాక్యాలు చదివించి రికార్డు చేసుకున్నారు. శిక్షణ కోసమే అనుకుంది. కొన్ని నెలలకే, ఇకపై మెషీనే మాట్లాడుతుందని చెప్పి అందరినీ ఇంటికి పంపేశారు.

ఆ ఎండాకాలం మా ఫ్రిజ్ పాడైంది, అదీ ఆ కంపెనీదే. బాపు మగ్గం దిగివచ్చి కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "నమస్కారం, మీకు ఏం సాయం కావాలి?" అని అవతల పలికిన గొంతు చెల్లిదే. చెల్లేమో నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"బిడ్డా, గిది నువ్వేనా?" అన్నాడు బాపు ఫోన్ వైపే చూస్తూ.

"క్షమించండి, మీ మాట అర్థం కాలేదు" అంది ఫోన్.

చెల్లి లేచి లోపలికి వెళ్లిపోయింది. బాపు ఫోన్ పెట్టేయలేక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత చెల్లి నర్సింగ్ చదివింది. ఇప్పుడు నల్లగొండ దవాఖానలో పనిచేస్తోంది. నేను చిట్యాల బడిలో తెలుగు చెబుతున్నాను. పాఠం చక్కగా చదివిన పిల్లతో "నీ గొంతు బాగుంది" అనబోయి, ఎందుకో ఆగిపోతుంటాను.