మధ్యమ పురుష లేని మనిషి

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో మా ఇంట్లో సెల్‌ఫోనుకు సొంత చోటు ఒకటుండేది. మణుగూరులో, కాలనీ చివర అడవిని ఆనుకుని ఉన్న మా ఇంటికి సిగ్నలు వంటింటి కిటికీ దగ్గర తప్ప ఇంకెక్కడా అందేది కాదు. అందుకని నాన్న ఫోను ఆ కిటికీ గట్టు మీదే, ఉప్పు డబ్బా పక్కన కాపురముండేది. ఎవరికి ఫోనొచ్చినా మెడ వంచి, కిటికీ ఊచలకు తల ఆనించి మాట్లాడాల్సిందే. ఇంటిల్లిపాదీ కూరగాయలు తరిగే నెపంతో అక్కడే చేరి వినాల్సిందే. మొన్న మా స్కూల్లో కొత్తగా చేరిన టీచరొకామె "మేడమ్, మీకు ఫోన్లో మాట్లాడటం ఇష్టమా, మెసేజ్ పెట్టడం ఇష్టమా, మెయిల్ రాయడం ఇష్టమా?" అని అడిగితే నాకు చప్పున ఆ కిటికీయే గుర్తొచ్చింది. (జవాబు చెప్పడం మొదలుపెట్టాను. ఆ పిల్లకు బస్సు తప్పిపోయింది, పాపం.)

అప్పుడు నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. మధిర నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి అక్కడి బ్యాంకులో ఉద్యోగం. పెళ్ళిచూపులనాడు నాన్న మర్యాదకని ఫ్యాను ఆయన వైపు తిప్పితే, ఆయన మెల్లగా లేచి దాన్ని మూల కూర్చున్న మా నాయనమ్మ వైపు తిప్పాడు. అంతే, నా మనసు కూడా అటే తిరిగిపోయింది. వాళ్ళూ నచ్చిందన్నారు. అయినా మా నాన్న తొందరపడలేదు. "బిడ్డా, వచ్చే ఐతారం వాళ్ళ పెద్దమనుషులు ముహూర్తం మాట్లాడనీకి వస్తరు. గప్పటిదాంక మీరిద్దరు మాట్లాడుకోండ్రి. నీ మనసుకు పడితేనే చెప్పు. నువ్వు వద్దంటే వద్దు, నేను మల్ల అడుగ" అన్నాడు. మాట్లాడుకొమ్మన్నాడు సరే, ఆ మాటలే రావాలి కదా.

ఆయన సాయంత్రం పూట ఫోన్ చేసేవాడు. "హలో... భోజనం అయిందా?" (సాయంత్రం బడి వదిలే వేళ భోజనమేమిటో!) "అయిందండీ." "ఊఁ... స్కూలు అయిపోయిందా?" "అయిపోయిందండీ." "ఊఁ... అక్కడ వాన పడిందా?" "పడిందండీ." "ఊఁ... సరే, ఉంటాను." ఇంతే. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్న నాయనమ్మ నోరు నొక్కుకునేది. "ఏందే గిది? వాన ముచ్చట అడగనీకి గంత దూరం నుంచి ఫోన్ చేసిండా? రేడియోల చెప్తరు గద!" ఆ మర్నాటికే ఆయనకు 'ఊకొట్టే అల్లుడు' అని పేరు పెట్టేసింది. నా 'అండీ' కూడా ఆమెకు కిట్టలేదు. "మీ తాతను నేను ఒక్కనాడన్న అండీ అన్ననా? అని ఉంటే, ఎవరో వచ్చిండ్రనుకొని వాకిట్లకు పోయి చూస్తుండె" అంది. మా దిక్కున ఇంట్లో మనిషిని 'నువ్వు' అంటే అమర్యాద ఏమీ కాదు. కానీ మధిర కృష్ణా జిల్లా గాలి తగిలే ఊరనీ, అక్కడ మీరు, గారు, అండీ లేకపోతే ముద్ద దిగదనీ మా అమ్మ నాకు నూరిపోసింది. దాంతో నేను ప్రతి మాటకూ తోకలా ఒక 'అండీ' తగిలిస్తూ పోయాను.

ఫోన్లో అంత పొదుపుగా ఉండే మనిషి మెయిళ్ళలో మాత్రం వరదే. మెయిలు చూడాలంటే బజారులో భాయ్ దుకాణానికి వెళ్ళాలి. వాళ్ళది తాతల నాటి గడియారాల దుకాణం. భాయ్ అందులో సగం చోటు కంప్యూటర్లకిచ్చి 'ఇంటర్నెట్ సెంటర్' అని బోర్డు పెట్టాడు. మెయిలు తెరుచుకునేలోపు చుట్టూ గోడగడియారాలన్నీ టిక్కుటిక్కుమంటూ ప్రాణం తీసేవి. భాయేమో "టీచరమ్మా, జల్దీ కానియ్యి, కరెంటు పోతది" అని తొందరపెట్టేవాడు. మధిర ఆయన చక్కటి ఇంగ్లీషులో వాళ్ళ ఊరి రైల్వే స్టేషన్ గురించీ, వాళ్ళమ్మ పెట్టే మాగాయ గురించీ, పెళ్ళిచూపులనాడు నేను కట్టుకున్న ఆకుపచ్చ చీర గురించీ పేజీలకు పేజీలు రాసేవాడు. నా ఇంగ్లీషు సెలవు చీటీలు రాసి నేర్చుకున్న ఇంగ్లీషు. "రెస్పెక్టెడ్ సర్, విత్ రిఫరెన్స్ టు యువర్ మెయిల్, ఐ యామ్ ఫైన్" అని మొదలుపెట్టి "యువర్స్ ఒబీడియెంట్లీ" అని ముగించేదాన్ని. ఒకసారి ఆయన 'ఐ మిస్ యు' అని రాశాడు. ఇంటికెళ్ళి నిఘంటువు తీస్తే 'గురి తప్పుట, రైలు అందకపోవుట' అని ఉంది. మధిర రైల్వే ఊరు కదా, ఏ రైలో ఎక్కలేకపోయాడు కాబోలని జాలిపడ్డాను.

అసలు సంగతి నాకు ఏడో తరగతి గదిలో తెలిసింది. ఆ రోజు పురుషల పాఠం. నేను, మేము ఉత్తమ పురుష. నువ్వు, మీరు మధ్యమ పురుష. "ఎదురుగా ఒక మనిషి ఉండి, ఆ మనిషితో మాట్లాడితేనే మధ్యమ పురుష" అని చెబుతూ చెబుతూ ఆగిపోయాను. భోజనం అయిందా. స్కూలు అయిపోయిందా. వాన పడిందా. భోజనం సంగతీ, స్కూలు సంగతీ, వాన సంగతీ అడుగుతున్నాడు. మరి నా సంగతి? ఇన్నాళ్ళలో ఆయన నన్ను ఒక్కసారి కూడా 'మీరు' అనలేదు, 'నువ్వు' అనలేదు. ఆయన మాటల్లో మధ్యమ పురుషే లేదు! మెయిళ్ళలో ఉందనుకుందామా అంటే, ఇంగ్లీషులో దేవుడికీ, దొంగకీ, కాబోయే పెళ్ళానికీ ఒకటే 'యు' కదా. ఇష్టం లేని సంబంధానికి తలవంచిన మనిషే ఇలా తప్పించుకు మాట్లాడతాడని నాకు గట్టిగా అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "టీచర్, సుద్దముక్క దుమ్ము పడ్డదా?" అని అడిగాడు ముందు బెంచీ వాడు. "అవ్, దుమ్మే" అన్నాను.

ఆ సాయంత్రం ధైర్యం చేసి, కిటికీ దగ్గర నిలబడి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజ్ కొట్టాను: 'నేనంటే మీకు ఇష్టమేనా?' ఎంతసేపటికీ జవాబు రాలేదు. నేను పెరట్లోకి వెళ్ళిన క్షణంలోనే వచ్చి చచ్చింది. ఫోను నాన్నది కాబట్టి నాన్నే తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని, వార్తలు చదివినట్టు అందరికీ వినబడేలా చదివాడు. "ఇష్టమే." నాయనమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "ఎవరికట? ఎవరంటేనట? పిల్లంటే ఇష్టమా, బెల్లమంటే ఇష్టమా? గదంతా అందుల లేదా?" నాన్న మీటలన్నీ నొక్కి చూసి "లేదమ్మా, గంతే ఉన్నది" అన్నాడు. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు. నాన్న నా వైపు చూసి ఏమీ అడగలేదు. అడగనని మాటిచ్చాడు కదా!

మర్నాడు శనివారం. రేపే పెద్దమనుషులొచ్చేది. మధ్యాహ్నం బడి కాగానే సరాసరి భాయ్ దుకాణానికి పోయి, అక్కడున్న ఫోనుతో ఆయనకు ఫోన్ చేశాను. నా గొంతు వినగానే "భోజనం అ..." అని మొదలుపెట్టాడు. "ఆపండి" అన్నాను. "మీ మాటల్లో మధ్యమ పురుష లేదు. ఎందుకు?" ఇంత అందంగా పోట్లాటకు దిగిన ఆడపిల్ల ఇంకొకతె ఉండదు. ఆయన కంగారుగా "అంటే... ఏంటది?" అన్నాడు. రిసీవరు పట్టుకుని పాఠం మొత్తం చెప్పాను, ఉదాహరణలతో సహా. "ఇష్టం లేకపోతే ఈరోజే చెప్పండి. రేపు మా నాన్న అందరి ముందు చిన్నబోవద్దు" అన్నాను.

అవతలి నుంచి మెల్లగా వినిపించింది. "రెండు మాటలూ నోటిదాకా వస్తున్నాయి. 'మీరు' అందామంటే, అది బ్యాంకులో కౌంటర్ ముందుకొచ్చిన ప్రతివాళ్ళతో పొద్దస్తమానం అనే మాటే. ఇంట్లో మనిషితో కూడా అదేనా అనిపిస్తుంది. 'నువ్వు' అందామంటే ఇంకా ముహూర్తమైనా పెట్టలేదు. అటు నుంచి ఔననకముందే అంత చనువు తీసుకుంటే తప్పవుతుందేమోనని... అందుకే వాన గురించి అడుగుతున్నా." (ఈ సంజాయిషీలో కూడా మధ్యమ పురుష లేదని పాఠకులు గమనించాలి.)

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమ్మ నూరిపోసిన అండీలన్నీ ఎటు పోయాయో తెలియదు. "మా దిక్కు దేవుణ్ణి గూడ నువ్వనే అంటం. గంతకంటే పెద్ద మర్యాద నాకెందుకు?" అన్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. "అయితే... ను..." అన్నాడు. సరిగ్గా అప్పుడే భాయ్ దుకాణంలో గోడగడియారాలన్నీ, ఏ ఒక్కటీ ఇంకొకదాని మాట వినకుండా, గంటలు కొట్టడం మొదలుపెట్టాయి. "అరె, ఆగుండ్రి! టీచరమ్మ మాట్లాడుతున్నది!" అంటూ భాయ్ స్టూలెక్కి లోలకాలను ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని ఆపాడు. ఆ నిశ్శబ్దంలో వినబడింది. "నువ్వు తిన్నవా?"

'తిన్నావా' అనాల్సిన మధిర మనిషి 'తిన్నవా' అన్నాడు, అచ్చం మా యాసలో. ఎక్కడ, ఎన్నిసార్లు అనుకుని చూసుకున్నాడో! పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని నేను "తిన్న" అన్నాను. నిజంగానే కడుపు నిండిపోయింది. ఇంటికెళ్ళి నాన్నతో, ఆయనంటే నాకు ఇష్టమని, కర్తా కర్మా అన్నీ పెట్టి, ఎవరికీ ఏ అనుమానమూ మిగలకుండా చెప్పాను.

ఇప్పుడు మాకు మధ్యమ పురుషకు కొదవేమీ లేదు. "నువ్వు తాళాలెక్కడ పెట్టావు?", "నువ్వు మళ్ళీ కూరలో ఉప్పు మరిచావు", "నువ్వు నా మాట ఏనాడు విన్నావు?" అంటూ పొద్దున లేచింది మొదలు అదే. పక్క గదిలోంచి మెసేజ్‌లో కూడా పంపిస్తాడు. నేనూ తక్కువ తినలేదు, నాలుగు నువ్వులు తిరిగి విసురుతాను. అప్పుడప్పుడు మాత్రం, ఒక్క 'నువ్వు' కోసం గడియారాల మధ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ పిచ్చి టీచరమ్మ గుర్తొస్తుంది. నాకు నవ్వొస్తుంది. ఆమె మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది. ఆ ఒక్కటీ ఆమెకు అంత చక్కగా వినబడింది. ఇప్పుడు రోజంతా నా చెవిన పడుతున్నవాటిలో నేను వింటున్నవి ఎన్నని?